చేప తోక, పెద్దాయన బొటనవేలు

మొన్న పాత ల్యాబ్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. వర్క్‌షాప్ పెద్దాయన పోయారని. ఆయన రిటైరై చాలా ఏళ్లయింది, కొంతకాలంగా ఒంట్లో బాగుండటం లేదని వింటూనే ఉన్నాం. అయినా ఆ రెండు లైన్లు చదివాక పని మీద మనసు నిలవలేదు. లేత్ మెషిన్ స్విచ్ ఆపాక, ముక్కను పట్టుకునే చక్ తిరిగి తిరిగి ఆగేటప్పుడు ఒక చప్పుడు వస్తుంది. ఆ రోజంతా అదే చెవుల్లో వినిపించింది.

యూనివర్సిటీలో మేం కొందరం కలిసి ఒక రోబో చేపను తయారు చేశాం. దాని గురించి రాసిన పరిశోధన పేపర్ మీద మా పేర్లున్నాయి, ప్రొఫెసర్ గారి పేరుంది. పెద్దాయన పేరు మాత్రం చివర కృతజ్ఞతల్లో ఒక్క లైనులో ఉంది. ఆ చేప ఈదిందంటే అందులో ఆయన చేతి పని ఎంత ఉందో దగ్గరుండి చూసినవాళ్లకే తెలుసు. మర్చిపోకముందే రాసి పెట్టాలనిపించింది.

* * *

మా ల్యాబ్ కింది అంతస్తులో ఉండేది. ఒక ఘనపు మీటరు నీళ్లంటే టన్ను బరువు, పై అంతస్తులో ట్యాంకు పెట్టనిచ్చేవాళ్లు కాదు. గాజు గోడల పొడవాటి ట్యాంకు గదినంతా ఆక్రమించి, నడవడానికి పక్కన ఒక మనిషి పట్టేంత సందు మాత్రమే మిగిల్చేది. తలుపు తీయగానే క్లోరిన్ వాసన, తడి సిమెంటు వాసన, సోల్డరింగ్ చేసేటప్పుడు లేచే రోజిన్ పొగ వాసన కలిసి ఒక్కసారిగా ముక్కుకు తగిలేవి.

పొద్దున ఎవరు ముందొస్తే వాళ్లు వల గరిటెతో నీటి పైన పేరుకున్న దుమ్ము తీసేయాలి. థర్మామీటర్ చూసి నోట్‌బుక్‌లో రాయాలి. గాజు లోపలి వైపు అంటుకున్న గాలి బుడగల్ని పొడవాటి బ్రష్‌తో రాల్చాలి. ఇదంతా అయ్యాకే చేపను దించేది.

ఒకసారి ఈదించాక నీళ్లు వెంటనే కుదుటపడవు. పైకి ఏ కదలికా లేనట్టే కనిపిస్తాయి గానీ లోపల సుడులు ఇంకా తిరుగుతూనే ఉంటాయి. అవి పూర్తిగా అణగకుండా రెండో రన్ మొదలుపెడితే ఆ కొలతల్ని నమ్మలేం. అందుకని ప్రతి రన్ తర్వాతా ఊరికే కూర్చోవడమే. ట్యాంకుకు వీపు ఆనించి నేల మీద కూర్చునేవాళ్లం. ఆ ఖాళీల్లో విన్నంత క్లాసులో వినలేదేమో అనిపిస్తుంది నాకు. సీనియర్ అన్న సమీకరణాలు చెప్పేవాడు, జువాలజీ నుంచి వచ్చిన అమ్మాయి చేపల సంగతులు చెప్పేది. పెద్దాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడి వినేవారు, ఎప్పుడో ఒకసారి ఒక్క మాట అనేవారు.

* * *

గోడ మీద అమెరికాలోని ఎంఐటీ వాళ్ల రోబోట్యూనా ఫొటో ఒకటి అంటించి ఉండేది. 1990ల మధ్యలో బ్లూఫిన్ ట్యూనా ఆకారంలో కట్టిన యంత్రం అది. లోపల కీళ్ల వెన్నెముక, పైన లైక్రా గుడ్డ చర్మం. అది విడిగా ఈదేది కాదు. పైనున్న బండికి వేలాడుతూ ట్యాంకు పొడవునా సాగేది. అంత మంచి యంత్రానికి కూడా పైనుంచి ఒక ఊచ కావలసి వచ్చిందంటే చేప రోజూ చేసే పని ఎంత కష్టమైనదో అర్థమయ్యేది.

దాని పక్కనే సీనియర్ అన్న పెద్ద అక్షరాలతో రాసి అంటించిన కాగితం ఉండేది: "1936, జేమ్స్ గ్రే, ఏడు రెట్లు." డాల్ఫిన్ అంత వేగంతో వెళ్లాలంటే నీటి నిరోధం ఎంతుంటుందో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త గ్రే లెక్క వేశాడు. బిగుసుకుపోయిన కొయ్య డాల్ఫిన్‌ని లాగుతున్నట్టు ఊహించుకుని వేసిన లెక్క అది. దాని ప్రకారం చూస్తే డాల్ఫిన్ కండరాలకు ఏడు రెట్లు ఎక్కువ బలం ఉండాలి. డాల్ఫిన్ చేప కాదు, నిజమే. కానీ ఆ ప్రశ్న చేపల మీద పనిచేసే వాళ్లందరినీ దశాబ్దాల పాటు వెంటాడింది. చివరికి 2014లో అమెరికా జీవశాస్త్రవేత్త ఫ్రాంక్ ఫిష్ బృందం నీళ్లలోకి సన్నని గాలి బుడగల తెర వదిలి, దాని గుండా డాల్ఫిన్లను ఈదించి, బుడగల కదలిక నుంచి బలాన్ని కొలిచింది. డాల్ఫిన్ల దగ్గర కావలసినంత బలం ఉందని తేలింది. అప్పటికి మేమంతా తలో దిక్కూ వెళ్లిపోయాం. ఆ వార్త చదివిన రాత్రి సీనియర్ అన్నకు ఫోన్ చేశాను. ఆ కాగితం గురించే చాలాసేపు మాట్లాడుకున్నాం.

జువాలజీ అమ్మాయి పక్క గదిలో బతికున్న చేపల్ని పెంచేది. తొట్టి అడుగున గళ్ల కాగితం పరిచి పైనుంచి వీడియో తీసేవాళ్లం. తర్వాత ఒక్కో ఫ్రేమూ ఆపి, చేప నడుము గీత వెంబడి మౌస్‌తో చుక్కలు పెట్టుకుంటూ పోవాలి. మధ్యాహ్నం మొదలుపెడితే చీకటి పడేది. కానీ ఆ చుక్కలన్నీ ఒకదాని మీద ఒకటి వేసి చూసినప్పుడు వచ్చే బొమ్మ కోసం ఎంతసేపైనా కూర్చోవచ్చు. తల దాదాపు కదలదు, అల మెడ దగ్గర చిన్నగా పుట్టి తోక వైపు పోయేకొద్దీ పెద్దదవుతుంది. పాములాంటి ఈల్ చేపైతే ఒళ్లంతా అలే. ట్యూనాకైతే దాదాపు తోక ఒక్కటే. మాది ఈ రెంటికీ మధ్య రకం.

* * *

చర్మం పోసే రోజు ల్యాబ్‌లో వేరే పని పెట్టుకునేవాళ్లం కాదు.

సిలికోన్ రబ్బరు రెండు డబ్బాల్లో వస్తుంది. రెండూ సమానంగా తూచి కలపాలి. కలిపిన క్షణం నుంచీ గడియారం మొదలైనట్టే, కాసేపట్లో చిక్కబడటం మొదలవుతుంది. ఆ రోజు మామూలు లేటెక్స్ గ్లౌజులు గదిలోకి తేకూడదు. వాటిలో ఉండే గంధకం తగిలితే ప్లాటినం రకం సిలికోన్ గట్టిపడదు, తగిలిన చోట జిగురుగానే ఉండిపోతుంది. మేం నీలం రంగు నైట్రైల్ గ్లౌజులే వాడేవాళ్లం. కలిపిన గిన్నెను వాక్యూమ్ డబ్బాలో పెట్టి పంపు ఆన్ చేస్తే, లోపల చిక్కుకున్న గాలంతా నురగై పాలు పొంగినట్టు అంచుదాకా లేచేది. అందరం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. పొంగు ఒక్కసారి కుప్పకూలాక గాలి పోయినట్టు లెక్క. అప్పుడు అచ్చులోకి ఒక మూల నుంచి సన్నని ధారగా పోయాలి, ధార తెగకూడదు.

ఆ అచ్చు త్రీడీ ప్రింటర్‌లో వచ్చేది. ప్రింటర్ పొరలు పొరలుగా వేస్తుంది కాబట్టి లోపలంతా సన్నని గీతలుంటాయి. వాటిని అలాగే వదిలేస్తే చేప చర్మం మీద కూడా గీతలు పడతాయి. పెద్దాయన ఆ అచ్చును ఒళ్లో పెట్టుకుని, నీళ్లు చిలకరిస్తూ, ఎమరీ పేపర్‌తో గంటల తరబడి రుద్దేవారు. మధ్య మధ్య కళ్లజోడు నుదుటి మీదకి తోసి వేలి వెనక వైపుతో తడిమి చూసేవారు. వేలి ముందు వైపు పనితో మొద్దుబారి ఉంటుందని, వెనక చర్మానికే సన్న గరుకు తెలుస్తుందని చెప్పేవారు. ఇప్పటికీ ఏదైనా నునుపు చూడాలంటే నేనూ వేలి వెనక వైపే ఆనిస్తాను.

* * *

నీళ్లలో పనిచేసే ఏ యంత్రానికైనా అసలు భయం ఒక్కటే, లీకు. చేప కడుపులో బ్యాటరీ, సర్క్యూట్ బోర్డు, సర్వో మోటార్లు ఉంటాయి. తోకను కదిలించే ఇరుసు మాత్రం బయటికి రావాలి. ఇరుసు తిరగాలి, నీళ్లు లోపలికి రాకూడదు. ఈ రెండూ ఒకేచోట కుదరాలి. దానికి ఓ-రింగు అనే రబ్బరు వలయం వాడతారు, అది కూర్చునే గాడి కొలత తేడా వస్తే అంతే. గాడి లోతైతే నీళ్లు వస్తాయి, పైపైన ఉంటే రింగు నలిగి ఇరుసు బిగుసుకుంటుంది.

పెద్దాయన గాడి కోసేటప్పుడు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. కోశాక రింగుకు గ్రీజు రాయడం మాకు నేర్పారు. కుంచెతో కాదు, రెండు వేళ్ల మధ్య రింగును పట్టుకుని మెల్లగా తిప్పుతూ తిప్పుతూ. అలా తిప్పితే రింగు మీద ఇసుక రేణువున్నా, చిన్న గాటున్నా వేళ్లకు దొరికిపోతుంది. గ్రీజు మెరిసేంత ఉంటే చాలు, కారకూడదు. మూత బిగించేటప్పుడు స్క్రూలు వరసగా బిగించనిచ్చేవారు కాదు. ఒకటి బిగిస్తే తర్వాత దానికి ఎదురుది, అదీ సగం సగమే.

ఆ తర్వాత సిరంజితో కొద్దిగా గాలి లోపలికి ఎక్కించి, బకెట్‌లో ముంచి బుడగల కోసం చూడాలి. మూలల్లో టిష్యూ పేపర్ ముక్కలు కూడా పెట్టేవాళ్లం. సాయంత్రం మూత తీసి, ఏ మూల కాగితం తడిసిందో చూస్తే నీళ్లు ఎటునుంచి వచ్చాయో తెలిసిపోయేది. ఇప్పుడు తేమ పసిగట్టే సెన్సర్లు చాలా తేలిగ్గా దొరుకుతున్నాయి. వాడుతున్నారు, వాడాలి కూడా. కానీ తడి ఎక్కడ తగిలిందో ఆ కాగితం ముక్క చూపించినంత సూటిగా చూపించేది ఇంకోటి నాకు కనపడలేదు.

* * *

తోక విషయానికొస్తే చాలా చెప్పాలి.

మొదట్లో మా చేపకున్న తోక గట్టి ప్లాస్టిక్ పలక. మోటారు ఎంత తిప్పితే అది కూడా అంతే తిరుగుతుంది కాబట్టి లెక్కలు సుళువు. కానీ నీళ్లలో వేస్తే మోటార్లు గీగీమని మూలిగేవి, తల అటూ ఇటూ ఊగిపోయేది, చేప మాత్రం ముందుకు పోవడానికి మొరాయించేది. తోక ఒక పక్కకి నెడితే తల రెండో పక్కకి పోతుంది, అది ఎలాగూ తప్పదు. నిజం చేప ముందు భాగం ఎత్తుగా, బరువుగా ఉండి, తోక మొదలు దగ్గర సన్నబడేది కొంతవరకు అందుకే. మేం తల బరువు పెంచాం, కోణాలు మార్చాం, ప్రోగ్రాం మార్చాం.

ఒక సాయంత్రం పెద్దాయన గుమ్మం దగ్గర నిలబడి చాలాసేపు చూశారు. చూసి, "బాబూ, అది నీళ్లని కొడుతోంది. నెట్టట్లేదు" అన్నారు.

మర్నాడు పాలీకార్బొనేట్ షీటులో నుంచి ఒకే ఆకారంలో కొన్ని తోకలు కోసి తెచ్చారు. చూడటానికి అన్నీ ఒకేలా ఉన్నాయి. చేతిలోకి తీసుకుంటే గానీ తేడా తెలియదు. ఒక్కోదాన్నీ మొదట్లో మందంగా, అంచుకు పోయేకొద్దీ పలచగా అరగదీశారు, ఒక్కోటి ఒక్కో మేరకు. ఆయన పద్ధతి ఇలా ఉండేది: తోక మొదలును ఎడమచేతి రెండు వేళ్లతో గట్టిగా పట్టుకోవడం, కుడిచేతి బొటనవేలు అంచున ఆనించి మెల్లగా వంచడం, వదలడం, మళ్లీ వంచడం. ఆ సమయంలో కళ్లు మూసుకునేవారు. "ఇంకాస్త" అని తనలో తనే అనుకుని మళ్లీ ఎమరీ పేపర్ పట్టేవారు. సరిపోయిందనుకున్నాక మొదలు దగ్గర పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టేవారు. ఒక గీత, రెండు గీతలు, గీత మీద చుక్క. ఆ గుర్తుల అర్థం ఆయనకే తెలుసు.

జువాలజీ అమ్మాయి వాటిని భూతద్దం కింద చూసి, నిజం చేప తోకను పక్కన పెట్టి మమ్మల్ని పిలిచింది. తోకలో సన్నని ఎముక పుల్లలుంటాయి. మొదట్లో ఒక్కో పుల్ల ఒక్కటిగానే ఉంటుంది, అంచుకు పోయేకొద్దీ రెండుగా, మళ్లీ రెండుగా చీలి సన్నబడిపోతుంది. మొదలు గట్టిగా, అంచు మెత్తగా ఉండటానికి చేప చేసుకున్న ఏర్పాటు అది. "సార్, మీరు ముందే చూశారా ఇది?" అని అడిగింది. "లేదు తల్లీ, చేతికి అలా అనిపించింది" అన్నారాయన.

తోక మార్చాక ఫ్లోరొసీన్ రంగు కలిపిన నీళ్లను సన్నని గొట్టంతో తోక పక్కన వదిలాం. లైట్లు ఆపేసి నీలం దీపం వేశాం. గట్టి తోకతో ఆ ఆకుపచ్చ రంగు చిందరవందరగా చెదిరిపోయేది. ఈసారి తోక ఒక్కో ఊపుకీ ఒక్కో సుడిని వదిలింది. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, రెండు వరసల్లో. ప్రవాహానికి అడ్డంగా పెట్టిన కర్ర వెనక కూడా ఇలాగే రెండు వరసల సుడులు వస్తాయి, కార్మన్ సుడుల వరస అంటారు. అక్కడ వాటి మధ్యలో నీరు కర్ర వైపు లాగుతుంది. ఈదే చేప వెనక అవే సుడులు తిరగేసి తిరుగుతాయి. మధ్యలో నీరు ధారలా వెనక్కి తన్నుకుపోతుంది, చేప ముందుకు పోతుంది. అన్నాళ్లూ పుస్తకంలో చూసిన బొమ్మ అది. మా ట్యాంకులో మెరుస్తూ కళ్లముందు కనిపించేసరికి సీనియర్ అన్న గాజు మీద చెయ్యి పెట్టి, తీయడం మర్చిపోయాడు.

ఆ రాత్రే, తోక ఊపుకీ వేగానికీ ఉన్న పొంతన చెప్పే స్ట్రౌహల్ సంఖ్య కట్టాం. సెకనుకు తోక ఎన్నిసార్లు ఊగుతుందో, ఆ కొస నుంచి ఈ కొసకి ఎంత దూరం ఊగుతుందో, ఈ రెంటినీ గుణించి వేగంతో భాగించడమే. సెకనుకు 2 సార్లు, 10 సెంటీమీటర్ల ఊపు, సెకనుకు 60 సెంటీమీటర్ల వేగం అనుకుంటే 0.33 వస్తుంది. ఈదే చేపలు, డాల్ఫిన్లే కాదు, ఎగిరే పక్షులు, పురుగులు కూడా మామూలుగా 0.2కీ 0.4కీ మధ్యలోనే ఉంటాయని 2003లో నేచర్ పత్రికలో వచ్చింది. గట్టి తోక ఉన్నప్పుడు మేం దాని దరిదాపుల్లో లేం. మెత్తని తోకతో ఆ హద్దులోకి వచ్చాం.

మరీ మెత్తనిదైతే అంచు రెపరెపలాడిపోయి నెట్టే బలమే ఉండేది కాదు. మెల్లగా ఈదడానికి ఒక తోక బాగుండేది, వేగానికి మరోటి. నిజం చేప కండరాలు బిగించి, వదిలి ఆ బిగువు మార్చుకుంటుంది. మేం స్క్రూడ్రైవర్ పట్టుకుని తోకలు మార్చేవాళ్లం.

అలా ఒక ఖాళీలో 2006లో వచ్చిన ఒక పేపర్ గురించి సీనియర్ అన్న చెప్పాడు. ప్రవాహంలో ఒక స్తంభం పెట్టి, దాని వెనక సుడుల్లో చచ్చిన ట్రౌట్ చేపను వదిలితే, దాని ఒళ్లు సుడులకు తగ్గట్టు వంగుతూ ప్రవాహానికి ఎదురు పోయిందట. కండరం లేదు, మెదడు లేదు, ఒళ్లు వంగే తీరు ఒక్కటే. మేమంతా నోరు తెరిచి విన్నాం. పెద్దాయన మాత్రం తల ఊపి, "అదేగా" అన్నారు.

* * *

తీగ లేకుండా చేపను వదిలిన రోజు గురించి కూడా రాయాలి. మామూలు 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్ నీళ్లలో జానెడు లోతు దాటేసరికి పనిచేయదు. నీరు ఆ తరంగాల్ని తాగేస్తుంది. స్టోర్ రూమ్ అటక మీద నుంచి పెద్దాయన పాత 40 మెగాహెర్ట్జ్ సెట్ ఒకటి దించారు. లాగుడు యాంటెన్నా, వెనక చిన్న క్రిస్టల్ గుచ్చే రంధ్రం, పగిలిన తోలు సంచి. తక్కువ పౌనఃపున్యం మంచినీళ్లలో ఇంకాస్త లోతుకు దిగుతుంది. బొమ్మ జలాంతర్గాములు నడిపేవాళ్లు అలాంటి సెట్లే దాచుకుంటారని ఆయనకు తెలుసు.

ముందు తూకం. చేప మునగకూడదు, తేలకూడదు, నీటి మధ్యలో పెట్టిన చోట పెట్టినట్టు ఉండాలి. సీసం ముక్కల్ని కత్తెరతో కత్తిరించి కడుపు అడుగున అమర్చుతూ పోవాలి. బరువు కిందికి లేకపోతే చేప పక్కకి పొర్లిపోతుంది. సిలికోన్‌కు నీళ్లు అంటవు కాబట్టి చర్మం మీద సన్నని గాలి బుడగలు పట్టుకుని ఉంటాయి. సబ్బు నీళ్లతో వాటిని తుడిచేయకపోతే తూకమంతా తప్పుతుంది. చివరికి గోరంత సీసం ముక్క దగ్గర ఆగింది. అది పెడితే మునుగుతుంది, తీస్తే తేలుతుంది. దాన్ని సగానికి కోశాం.

వదిలాం. చేప ఒక క్షణం అలాగే ఉంది. తోక ఒకసారి అటు, ఒకసారి ఇటు. తర్వాత నెమ్మదిగా, ఎవరూ నెట్టకుండా, పైనుంచి ఊచ లేకుండా, తీగ లేకుండా ట్యాంకు ఆ చివరికి వెళ్లింది. పక్క గదుల వాళ్లు కూడా వచ్చేశారు. జువాలజీ అమ్మాయి ఏడ్చేసింది. ఎవరో చప్పట్లు కొట్టారు. పెద్దాయన ట్యాంకు ఆ చివర నిలబడి, నీళ్లలో చెయ్యి పెట్టి, అది గాజుకు గుద్దుకోకుండా అరచేత్తో ఆపి వెనక్కి తిప్పారు. మళ్లీ ఈదింది. మళ్లీ తిప్పారు.

* * *

ఆ తర్వాత ఈ రంగం చాలా దూరం వెళ్లింది. ఎంఐటీ వాళ్ల సోఫీ అనే రోబో చేప ఫిజీ సముద్రంలో పగడపు దిబ్బల మధ్య నిజం చేపల పక్కన ఈదిందని 2018లో ప్రకటించారు. దాని వెనక సగం సిలికోన్ రబ్బరు, మెత్తని ప్లాస్టిక్‌తో చేసింది. లోపల పంపు ఒకటి నీటిని ఒకసారి ఈ గదిలోకి, ఒకసారి ఆ గదిలోకి నెడితే తోక అటూ ఇటూ వంగుతుంది. రేడియో బదులు అల్ట్రాసౌండ్‌తో దానికి ఆజ్ఞలు పంపారు. ఆ వీడియోని పెద్దాయనకు పంపాను. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి ఒక్కటే అడిగారు, తోక అంచు ఎంత మందం ఉందని.

ఇప్పుడు ఆ వర్క్‌షాప్ గదిలో లేత్ లేదట, వరసగా ప్రింటర్లున్నాయట. పిల్లలు మెత్తని ప్లాస్టిక్‌తో నేరుగా తోకలు ప్రింట్ చేసుకుంటున్నారు, మందాన్ని కంప్యూటర్‌లోనే దిద్దుకుంటున్నారు. మంచిదే, మేం వారాలు పట్టించిన పని వాళ్లకు ఒక పూటలో అవుతోంది.

ఆయన అరగదీసిన తోకలు నా దగ్గరే ఉన్నాయి. ల్యాబ్ వదిలేటప్పుడు నోట్‌బుక్‌లతో పాటు పెట్టెలో వచ్చాయి. పెన్సిల్ గుర్తులు ఇంకా చెరిగిపోలేదు. ఒక్కోటి ఎంత బరువుకి ఎంత వంగుతుందో మేం అప్పట్లో కొలవనే లేదు. పేపర్‌లో మందాలు రాశాం గానీ బిగువు అంకెలు లేవు. నిన్న ఇప్పటి ప్రొఫెసర్ గారికి ఫోన్ చేసి, ఆ తోకల్ని పంపిస్తానని, బలాన్ని కొలిచే లోడ్ సెల్ మీద పెట్టి వాటి బిగువును కొలిపించమని అడిగాను. ఒక గీత తోక, రెండు గీతల తోక, గీత మీద చుక్క ఉన్న తోక, మూడింటికీ అంకెలు రావాలి. పంపమన్నారు. వచ్చే సెమిస్టర్‌లో ఒక విద్యార్థికి ఆ పని అప్పగిస్తామన్నారు, ఫలితాలతో పాటు తోకలు ఎవరు చేశారో కూడా రాయిస్తామన్నారు.